ఆర్‌ఐఏఎఫ్ (రాయల్ ఇండియన్ ఎయిర్ ఫోర్స్) రెక్కల బ్యాడ్జి: 1942 నాటిదని రాయవచ్చా?

కాకినాడ పాతపెట్టె:
తాతగారి ట్రంకు పెట్టెలో పైలట్ రెక్కల బ్యాడ్జి దొరికింది. ముదురు రంగు గుడ్డ మీద దారపు రెక్కలు, నడుమ ఆకుల దండలో ఆర్‌ఐఏఎఫ్ అక్షరాలు, పైన కిరీటం. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు కాకినాడ మీద బాంబులు వేశాయి కదా, అప్పుడు ఒక పైలట్ ఇచ్చాడని ఇంట్లో చెబుతారు. రాజమండ్రిలో ఒకాయన కొంటానంటున్నాడు. 1942 అని రాసి ఇవ్వనా?

అమలాపురం నాణేలు:
రాయకండి. మన వైమానిక దళం 1932లోనే పుట్టినా, పేరు ముందు ‘రాయల్’ చేరింది 1945 మార్చిలో. గణతంత్రం వచ్చాక 1950లో పోయింది. ఆ ‘ఆర్’ అక్షరం 1942లో ఎవరి చొక్కా మీదా ఉండదు. పైలట్ పరిచయం అప్పటిదే కావచ్చు, బ్యాడ్జి తరువాత చేతికి వచ్చి ఉండవచ్చు.

కోరంగి:
తాతగారి మాట కంటే ఒక అక్షరం గొప్పదా? కిరీటం రాజుదేగా!

అమలాపురం నాణేలు:
రాజుదే అయితే మంచిదే, కానీ రాజు కిరీటం 1942లోనూ ఉంది, 1949లోనూ ఉంది. దానితో ఏడాది తేలదు. నకలును పట్టుకోవడానికి మాత్రం పనికొస్తుంది. పై వంపులు గుండ్రంగా ఉంటే రాజుది, మధ్యలో పల్లంగా దిగితే రెండవ ఎలిజబెత్ కాలానిది. ఆమె వచ్చేసరికి మన దళానికి ‘రాయల్’ లేదు. ఈ అక్షరాల మీద ఆ కిరీటం కనిపిస్తే దండం పెట్టి వదిలేయండి.

కోరంగి:
అతినీలలోహిత లైటు వేయండి, దారం తెల్లగా వెలిగితే కొత్తది. ఇంత చర్చ ఎందుకు?

నరసాపురం లేసు:
అంత తొందర వద్దండీ. వెలుగును ఇచ్చే రసాయనాలు ఇప్పటి బట్టల సబ్బు పొడిలోనూ ఉంటాయి. ఎవరైనా శుభ్రం చేద్దామని ఒక్కసారి ఉతికితే అసలుది కూడా వెలుగుతుంది. వెలగకపోయినా పాతదని రుజువు కాదు.
నేనైతే ముందు వెనుక వైపు చూస్తాను. ఎండకు వెలిసిన గుడ్డ పైన పాలిపోతుంది, వెనుక, కుట్టు మడతల్లో అసలు రంగు నిలుస్తుంది. టీ డికాషన్‌లో ముంచి పాతబరిచినది రెండు వైపులా ఒకే మట్టిరంగులో ఉంటుంది. చొక్కాకు కుట్టి విప్పినదైతే అంచు వెంట సూది రంధ్రాలు వరుసగా కనిపించాలి. పెట్టె తుప్పు మరకను చూసి మాత్రం మురిసిపోకండి, మన ఉప్పుగాలికి నిరుడు కొన్న గుడ్డకైనా అది పడుతుంది.

కాకినాడ పాతపెట్టె:
వంపులు గుండ్రంగానే ఉన్నాయి. వెనుక రంగు ముదురుగా ఉంది, ఒక అంచున రంధ్రాల్లో దారపు ముక్కలు కూడా ఉన్నాయి. రాజమండ్రి ఆయనకు ‘1945–50’ అని చెబితే ధర తగ్గించమంటున్నాడు.

అమలాపురం నాణేలు:
అయితే ఇవ్వకండి. ఆ ముక్కలను మాత్రం పీకేయకండి.