బడిలో పిల్లవాడిని కొట్టారు: కక్ష కట్టకుండా ఎలా అడగాలి?

ప్రశ్న (ఒక తల్లి, అనంతపురం)

మా అబ్బాయి ఇక్కడే ఒక ప్రైవేటు బడిలో నాలుగో తరగతి చదువుతున్నాడు. పోయిన సోమవారం రాత్రి అన్నానికి కూర్చుని, ఎన్నడూ లేనిది చెంచా కావాలన్నాడు. ఎందుకని అడిగితే తల దించుకున్నాడు. చెయ్యి పట్టుకుని చూస్తే కుడిచేతి వేళ్ల కణుపులు నాలుగూ వాచి, రెండు చోట్ల చర్మం కమిలి ఉంది. ఎక్కాల పుస్తకం తీసుకుపోలేదని వాళ్ల సారు స్కేలు నిలువుగా పట్టుకుని అంచుతో కొట్టారట, ఆపైన పీరియడు అయ్యేదాకా గోడకుర్చీ వేయించారట. ఇది మొదటిసారి కాదని, ఇంట్లో చెబితే ఇంకా కొడతారని దాచానని ఆ రాత్రి నిద్రపుచ్చేటప్పుడు చెప్పాడు. రెండు వారాలుగా వాడు పక్క తడుపుతుంటే చలికి అనుకుని కసురుకున్నాను. అది తలచుకుంటే నా మీద నాకే కోపం వస్తోంది.

మా ఆయన బెంగళూరులో పని చేస్తూ నెలకోసారి వస్తారు. దెబ్బలు తినకుండా ఎవరికి చదువు వచ్చిందని మా అత్తగారు అంటున్నారు. బడిలో చేర్చిన రోజు మా మామగారు ఆ సారుతో ‘కళ్లు రెండూ వదిలేసి ఎక్కడైనా కొట్టండి’ అని నవ్వుతూ అన్నప్పుడు నేనూ పక్కనే ఉండి ఊరుకున్నాను. ఇప్పుడు అడిగే హక్కు నాకు ఉందా? అడిగితే వాడి మీద కక్ష పెట్టుకోరని నమ్మకం ఏమిటి? దయచేసి తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1 (కడప, బాలల రక్షణ పనిలో ఉన్న వ్యక్తి)

అమ్మా, మీకు హక్కు ఉంది. మీ మామగారి మాట దానికి అడ్డు రాదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నే కాక మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. తల్లిదండ్రులు ఒప్పుకుంటే కొట్టవచ్చనే వెసులుబాటు అందులో ఎక్కడా లేదు. అంతకు ముందే, 2002లో, మన రాష్ట్రం విద్యా నియమాలను సవరించి బడుల్లో దండనను నిషేధించింది. ఇక 2015 నాటి బాలల న్యాయ చట్టంలోని 75వ సెక్షన్ ప్రకారం, పిల్లల సంరక్షణ బాధ్యత చేపట్టిన సంస్థలో పనిచేసేవారు క్రూరంగా ప్రవర్తిస్తే 5 సంవత్సరాల వరకు కఠిన కారాగార శిక్ష, 5 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

చేయవలసినది చెబుతాను. వాపు తగ్గకముందే చేతి ఫోటోలు తీసి, పెద్దాసుపత్రిలో చూపించి ఓపీ చీటీ దాచుకోండి. బాబు చెప్పినది వాడి మాటల్లోనే కాగితం మీద పెట్టండి. వచ్చినవారందరి ముందూ వాడిచేత మళ్లీ మళ్లీ చెప్పించకండి, ప్రతిసారీ ఆ దెబ్బ వాడికి కొత్తగా తగులుతుంది. ప్రధానోపాధ్యాయుడికి నోటితో చెప్పి రావద్దు. రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద తేదీతో సంతకం, బడి ముద్ర వేయించుకుని తెచ్చుకోండి. వారు తీసుకోకపోయినా, తీసుకుని కదలకపోయినా మండల విద్యాశాఖాధికారికి, ఆపైన జిల్లా విద్యాశాఖాధికారికి ఇవ్వండి. పిల్లల సహాయ నంబరు 1098కు రాత్రి అయినా పగలు అయినా ఉచితంగా ఫోను చేయవచ్చు.

మరొక మాట. ఎవరైనా బిడ్డను చెడుగా తాకారన్న సంగతి బయటపడితే దారి వేరు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం అది వెంటనే పోలీసులకు లేదా ప్రత్యేక బాలల పోలీసు విభాగానికి చెప్పి తీరవలసిన విషయం. బడి పరువు అంటూ నాలుగు గోడల మధ్య రాజీ చేయడానికి వీలు లేదు. తన కింద పనిచేసేవాడి నేరాన్ని దాచిన సంస్థ అధిపతికి ఏడాది వరకు జైలు శిక్ష పడవచ్చు.

జవాబు 2 (కర్నూలు, విశ్రాంత ఉపాధ్యాయురాలు)

నేను కొట్టిన టీచరును. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో మొదటి పదేళ్లూ నా బల్ల మీద బెత్తం ఉండేది. మొక్కై వంగనిది మానై వంగునా అని నేనూ గట్టిగా నమ్మాను.

ఆరో తరగతిలో ఒక అబ్బాయి రోజూ బోర్డు మీది లెక్కను తప్పు ఎక్కించుకునేవాడు, రోజూ దెబ్బలు తినేవాడు. ఒకనాడు పిల్లలు తక్కువగా ఉండి వాడిని ముందు బెంచీలో కూర్చోబెడితే లెక్క సరిగ్గా రాశాడు. చివరి బెంచీ నుంచి వాడికి బోర్డు కనబడటం లేదు! ఆ మాట చెప్పడానికి కూడా నేనంటే భయం. బెత్తం చేతిలో ఉన్నంత కాలం ఎందుకు రాయలేదని అడగవలసిన అవసరమే నాకు కలగలేదు, కొడితే ఆ పూటకు పని అయిపోయినట్టు ఉండేది. ఆ అబ్బాయికి అద్దాలు వచ్చాయి కానీ నేను పోగొట్టిన సంవత్సరం తిరిగి రాలేదు.

మరొకటి కూడా గమనించండి. చాలా తరగతుల్లో టీచరు లేనప్పుడు క్లాసు లీడరు మాట్లాడినవారి పేర్లు బోర్డు మీద రాస్తాడు, టీచరు వచ్చి వరుసగా కొడుతుంది. పేరు రాయకుండా ఉండటానికి లీడరుకు పెన్సిళ్లు, చాక్లెట్లు లంచంగా ఇచ్చే పిల్లలను నేను చూశాను. ఇవ్వలేని పిల్లవాడికి సాయంత్రం సైకిళ్ల షెడ్డు దగ్గర వేరే దెబ్బలు. పిల్లలు ఒకరినొకరు కొట్టుకోవడాన్ని విడిగా చూస్తాం కానీ, చాలాసార్లు దానికి మొదలు మనం లీడరు చేతికి ఇచ్చిన ఆ సుద్దముక్కే.

కక్ష గురించి అడిగారు. ఉంటుంది, లేదని అబద్ధం చెప్పను. ఎక్కువసార్లు అది దెబ్బగా కాక, నోటుపుస్తకం దిద్దకపోవడం, ‘మీ అమ్మకు చెప్పుకుంటావుగా’ అని అందరి ముందూ ఎత్తిపొడవడం లాంటి రూపంలో వస్తుంది. ఒంటరి తల్లి అడిగితే బిడ్డ గుర్తుండిపోతాడు. అదే తరగతి తల్లులు నలుగురు కలిసి వెళ్తే ఎవరి బిడ్డ మీదా వేలు పెట్టడం తేలిక కాదు. ముందు వారిని కలవండి.

జవాబు 3 (ఆదోని, ప్రభుత్వ ఉపాధ్యాయుడు)

పై మాటలతో ఏకీభవిస్తున్నాను. మా వైపు కుటుంబాలు మిరప కోతలకు గుంటూరు వైపు వలస పోతాయి. నెలల తర్వాత తిరిగి వచ్చిన పిల్లవాడు పాఠం అందుకోలేక మొదటి వారంలో దెబ్బ తింటే, రెండో వారం బడికి రాడు. అయితే బెత్తం పక్కన పెట్టి ‘మొద్దు’, ‘దున్నపోతు’ అని పిలిచే మాస్టర్లూ ఉన్నారు. మీ దరఖాస్తులో తిట్ల సంగతి కూడా రాయండి, చట్టం దాన్నీ వదలలేదు.

అడిగినవారు మళ్లీ

అందరికీ నమస్కారాలు. ముగ్గురు తల్లులతో మాట్లాడితే ఇద్దరి పిల్లల చేతులకూ అవే గుర్తులు కనబడ్డాయి. నిన్న నలుగురం సంతకాలు పెట్టిన దరఖాస్తు ఇచ్చాం. కరస్పాండెంటు మొదట ఫోనులో మాట్లాడుకుందాం అన్నారు, మేము కదలకపోయేసరికి ముద్ర వేసి ఇచ్చారు. శనివారం ఆ సారును కూర్చోబెట్టి మాట్లాడతామన్నారు. లీడరు పేర్లు రాసే పద్ధతి గురించి కూడా ఆ రోజు అడుగుతాం.

ఇంటికి రాగానే మా వాడు ‘సారుకు నా పేరు చెప్పావా?’ అని అడిగాడు. కాగితం చూపించి, కింద నలుగురు అమ్మల సంతకాలు ఉన్నాయని చెప్పాను. వాడు వేలు పెట్టి ఒక్కొక్కటీ లెక్కపెట్టుకున్నాడు.