బ్రాడ్‌ఫర్డ్ మశూచి, 1962: ఊరంతటికీ టీకా అవసరమా?

చుట్టుగీత:
కరాచీ నుంచి 1961 డిసెంబరు 16న వచ్చిన తొమ్మిదేళ్ల పాప 30న ఇంగ్లాండులోని బ్రాడ్‌ఫర్డ్‌లో చనిపోయింది. మలేరియా అనుకున్నారు. మశూచి అని తేలింది జనవరి 11న. మొత్తం 14 కేసులు, 6 మరణాలు. ఆరోగ్యశాఖ దాదాపు 1,400 మంది కాంటాక్టులను (రోగుల దగ్గర మెలిగినవాళ్లను) వెతికి పట్టుకుంది. అయినా 3 లక్షలు దాటని ఊళ్లో సుమారు 2,85,000 మందికి టీకా వేశారు. అది జనం భయానికి వేసిన మందు, రోగానికి కాదు. మీరేమంటారు?

పొడిసూది:
తేదీలు వేసి చూడండి. సోకాక జ్వరం రావడానికి సుమారు 12 రోజులు. పాప దగ్గర సోకినవాళ్లకు జనవరి 11 నాటికే ఒళ్లు కాలిపోతోంది. టీకా గట్టిగా కాపాడేది సోకిన మూడు నాలుగు రోజుల్లోపు వేస్తేనే. అంటే పాప నుంచి సోకినవాళ్ల మొదటి విడత అప్పటికే చేజారింది. శవపరీక్ష చేసిన డాక్టరు కూడా పోయారు. ఇక ఆపాల్సింది వాళ్ల నుంచి సోకే రెండో విడతను. పన్నెండు రోజులు ఎవరికీ తెలియకుండా తిరిగిన రోగానికి పూర్తి జాబితా ఎవరు రాయగలరు?

చుట్టుగీత:
బస్సులో పక్కసీటు వాడి గురించే కదా మీ బెంగ? పొక్కులు లేవకముందు, జ్వరం మొదలైన తొలి రెండు మూడు రోజుల్లో, మశూచి పెద్దగా అంటదు. లేచేసరికి రోగి మంచంలోనే ఉంటాడు. కాబట్టి సోకేది ఇంట్లోవాళ్లకు, వార్డు సిబ్బందికి, దుప్పట్లు ఉతికేవాళ్లకు. 1950-51లో బ్రైటన్‌లో లాండ్రీ పనివాళ్లకు సోకింది అలాగే. అక్కడ 29 కేసులు, 10 మరణాలు. కాంటాక్టుకు ఆ రోజే టీకా, 16 రోజులు రోజూ ఇంటికెళ్లి జ్వరం చూడటం, జ్వరం వస్తే మామూలు వార్డుకు కాకుండా విడి ఆసుపత్రికి. చేయాల్సింది ఇదే.

పాతలాబు:
టీకా క్యూల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ లింఫు, అంటే బతికున్న వైరస్ ఉన్న టీకా ద్రవం, సన్న గాజు గొట్టాల్లో వచ్చేది, వేడి తగిలితే చచ్చిపోతుంది. చర్మం మీద స్పిరిట్ ఆరకముందే చుక్క వేశారా, టీకా దండగ. సూదిని చర్మానికి దాదాపు సమాంతరంగా పట్టుకుని చుక్క మీంచి చకచకా నొక్కాలి. రక్తం కారేలా గుచ్చడం తప్పు. వారం తర్వాత పొక్కు లేచిందో లేదో చూస్తేగానీ పట్టిందో తెలియదు. వేలమంది క్యూలో ఎవరు పిలిచి చూస్తారు? పైగా ఎగ్జిమా ఉన్నవాళ్లకు టీకా వైరస్ ఒళ్లంతా పాకగలదు. కాంటాక్టుకైతే ఆ ప్రమాదం ఒప్పుకోవచ్చు. రోగి నీడ కూడా పడనివాడికి ఎందుకు?

పొడిసూది:
టీకా పనితనం విషయంలో సరే. కానీ 1948 నుంచి ఇంగ్లాండులో పిల్లలకు మశూచి టీకా తప్పనిసరి కాదు. టీకా లేని పిల్లలు వీధికొకరు ఉన్న ఊరది. ఒక్క కాంటాక్టు జారితే?

పాతలాబు:
జారినప్పుడు ఏమవుతుందో అదే ఏడాది దక్షిణ వేల్స్‌లో తెలిసింది. దాదాపు 9 లక్షల మందికి టీకా వేసినా, రొండాలో సద్దుమణిగిందనుకున్న రోగం బ్రిడ్జెండ్‌లో మళ్లీ లేచింది. రెండు చోట్లా కలిపి 45 కేసులు, 19 మరణాలు. వీధికొకరని మీరన్న పిల్లల్లో కాదు, అది లేచింది ఆసుపత్రి వార్డులో.

చుట్టుగీత:
అందుకే అనుమానం ఉన్న ప్రతి దద్దురు నుంచీ గీకి గాజు పలక మీద, ఎండిన చెక్కు సీసాలో, అదే రోజు లాబుకు పంపాలి. సూక్ష్మదర్శిని జవాబు గంటల్లో వస్తుంది, వైరస్‌ను కోడిగుడ్డు పొర మీద పెంచితే రెండు మూడు రోజులు. బ్రాడ్‌ఫర్డ్‌లో డిసెంబరు 30కే ఆ పలక వెళ్లి ఉంటే మనకు ఈ చర్చే ఉండేది కాదు.

పొడిసూది:
మలేరియా అనుకున్నవాళ్లు ఏ పొక్కును గీకుతారండీ?