అప్‌డేట్: చెన్నైలో నా రింగుల జుట్టు ఇప్పుడు ఎలా ఉందంటే

వేలచ్చేరికి మారాక నా రింగుల జుట్టు పీచులా లేచిపోతోంది, సెలూన్‌లో స్ట్రెయిటెనింగ్ చేయించుకోనా అని అడిగాను కదా. చేయించుకోలేదు! సలహాలిచ్చిన అందరికీ, ముఖ్యంగా ముందు నీళ్ల సంగతి చూడమన్న అక్కకి, చాలా థ్యాంక్స్.

అసలు తేడా అక్కడే వచ్చింది. మా అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లు. బకెట్‌కి తెల్లగా పొర కట్టే కాల్షియం, మెగ్నీషియం లవణాలే జుట్టు మీదా పేరుకుంటాయట. అప్పుడు ఎంత కండిషనర్ రాసినా గరుకుగానే ఉంటుంది. అందుకే అప్పుడప్పుడు ఈడీటీఏ ఉన్న కిలేటింగ్ షాంపూ (అంటే ఈ లవణాలను పట్టుకుని వదిలించేది), మిగతాసార్లు సల్ఫేట్ (బాగా నురుగొచ్చే ఘాటు పదార్థం) లేనిది వాడుతున్నాను. తలస్నానానికి ముందు కొబ్బరినూనె మాత్రం మానలేదు. అది వెంట్రుక లోపలికి ఇంకి, ప్రోటీన్ పోకుండా కాపాడుతుంది. ఈ విషయంలో అమ్మ చెప్పిందే నిజం.

చిక్కు తీయడం కండిషనర్ ఉండగానే, పెద్ద పళ్ల దువ్వెనతో. తర్వాత జుట్టు బాగా తడిగా ఉన్నప్పుడే జెల్ రాసి, పాత కాటన్ టీషర్ట్‌తో కింది నుంచి పైకి అదుముతాను. టర్కీ టవల్‌తో రుద్దడం పూర్తిగా బంద్. ఆరేదాకా చెయ్యి పెట్టకూడదు, ఇదే కష్టం. ఆరాక గట్టిపడ్డ జెల్‌ని పిడికిట్లో నలిపితే రింగులు మెత్తగా విడిపోతాయి.

ఇంకా మిగిలిన టెన్షన్ నా జెల్‌లో ఉన్న గ్లిజరిన్. ఇక్కడి ఉక్కలో అది గాలిలోని తేమను లాగి జుట్టును ఉబ్బిస్తోంది. గ్లిజరిన్ లేని మంచి జెల్ ఎవరైనా వాడుతుంటే చెప్పండి, అక్టోబరు వానలు మొదలయ్యేలోపు కొనుక్కోవాలి.