కాంతినే మింగే కృష్ణబిలం చుట్టూ అంత వెలుగు ఎక్కడిది?

ప్రశ్న: డిగ్రీ విద్యార్థిని, తిరుపతి
2024 జనవరి 1 ఉదయం మా మేడమీద నిలబడి, శ్రీహరికోట నుండి ఎక్స్ కిరణాలను పరిశీలించే ఎక్స్‌పోశాట్ ఉపగ్రహాన్ని మోసుకెళ్తున్న పీఎస్‌ఎల్‌వీ వదిలిన తెల్లని పొగచారను చూసినప్పటి నుండి ఒక సందేహం నన్ను వదలడం లేదు. కాంతిని సైతం విడిచిపెట్టని కృష్ణబిలం చుట్టూ తిరిగే వాయువు, అంటే అక్రీషన్ డిస్క్, అంతగా ఎలా ప్రకాశిస్తుంది? ఆ వాయువు నేరుగా లోపలికి ఎందుకు పడిపోదు?

జవాబు: భౌతికశాస్త్ర అధ్యాపకుడు, చిత్తూరు
అమ్మా, నీళ్ల తొట్టి అడుగున బిరడా తీస్తే నీరు సుడి తిరుగుతూ దిగడం చూసే ఉంటావు. వాయువుకు కూడా కోణీయ ద్రవ్యవేగం, అంటే చుట్టూ తిరుగుతూనే ఉండేలా చేసే భ్రమణ చలన పరిమాణం, ఉంటుంది కాబట్టి, దానిని వెలుపలికి బదిలీ చేస్తే తప్ప అది లోపలికి జారలేదు. బలహీనమైన అయస్కాంత క్షేత్రం సైతం డిస్క్‌లో అల్లకల్లోలం రేపి ఆ పని చేయగలదని 1991లో బాల్బస్, హాలీ అనే శాస్త్రవేత్తలు చూపించారు. ఈ క్రమంలో గురుత్వశక్తి వేడిగా మారి, ఘటనా దిగంతానికి, అంటే దాటితే కాంతి కూడా తిరిగి రాలేని హద్దుకు, వెలుపలే వెలుగుగా బయటపడుతుంది. హైడ్రోజన్ హీలియంగా మారితే ద్రవ్యరాశిలో 0.7 శాతమే శక్తి అవుతుంది; తిరగని కృష్ణబిలం చుట్టూ దాదాపు 6 శాతం, అత్యధిక వేగంతో తిరిగేదాని చుట్టూ సిద్ధాంతరీత్యా 42 శాతం వరకూ అవుతుంది. నాకు ఇప్పటికీ ఆశ్చర్యం కలిగించే లెక్క ఇది.

జవాబు: పరిశోధక విద్యార్థి, తిరుపతి
మాస్టారి మాటకు ఒక చేర్పు. అన్ని డిస్క్‌లూ ఒకే తీరున వెలగవు. మన పాలపుంత నడుమ, సూర్యునికి సుమారు 40 లక్షల రెట్ల ద్రవ్యరాశి గల కృష్ణబిలం చుట్టూ వాయువు మరీ పలుచన కావడంతో, వేడిలో అధికభాగం వెలుగుగా మారకముందే లోపలికి పోతుందని భావిస్తున్నారు. మీరు చూసిన ఎక్స్‌పోశాట్‌లోని పోలిక్స్ పరికరం 8 నుండి 30 కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల శక్తి గల ఎక్స్ కిరణాల ధ్రువణాన్ని, అంటే ఆ తరంగాలు ఏ దిశలో ఎంతమేర ఒకే తీరున కంపిస్తున్నాయో, కొలుస్తుంది. ఏ దూరదర్శినికీ విడిగా కనిపించనంత చిన్న డిస్క్‌ల అమరికను ఆ ధ్రువణపు దిశ నుండే అంచనా వేయవచ్చు.