పై అధికారి లేకుండా సమానులుగా సంస్థను నడపడం: ఇరవై మంది దాటాక సాధ్యమేనా?

ప్రశ్న (మలక్‌పేట ఫిజియో)

మేము హైదరాబాద్‌లో ఇళ్లకు వెళ్లి నర్సింగ్, ఫిజియోథెరపీ సేవలు అందించే చిన్న సంస్థను నడుపుతున్నాము. పక్షవాతం వచ్చినవారు, తుంటి ఎముకకు ఆపరేషన్ అయినవారు, మంచం పట్టిన వృద్ధులు మా సేవలు ఎక్కువగా తీసుకుంటారు. ఆసుపత్రి ఉద్యోగాలు వదిలి వచ్చిన నలుగురం దీన్ని మొదలుపెట్టినప్పుడు, ఎవరూ ఎవరికీ పై అధికారి కాకూడదని, అన్ని నిర్ణయాలూ అందరూ కూర్చొని తీసుకోవాలని అనుకున్నాము. ఇప్పుడు ఇరవై మందికి పైగా అయ్యాము. ఏ ఇంటికి ఎవరు వెళ్లాలి, పండగకు ఎవరికి సెలవు, కొత్తవారికి జీతం ఎంత అనే ప్రతి విషయమూ వాట్సాప్ గ్రూపులోకి వస్తోంది. అక్కడ ఎక్కువసేపు పట్టుబట్టినవారి మాటే నెగ్గుతోంది. మా ఆడిటర్ గారు ఒక మేనేజరును పెట్టుకొమ్మని సలహా ఇచ్చారు. మాలో చాలామందికి అది ఇష్టం లేదు, నాకూ లేదు. రోగి పక్కన ఉండే మనిషికి తెలిసిన సంగతి ఆఫీసులో కూర్చున్న మనిషిదాకా చేరదని ఆసుపత్రుల్లో చూసే బయటికి వచ్చాము. పై అధికారులు లేని పీర్-టు-పీర్ పద్ధతిలో ఇంతమంది పని చేయడం సాధ్యమేనా, అయితే జీతాలు, క్రమశిక్షణ వంటి చిక్కు విషయాలను ఎవరు తేలుస్తారు అన్నది అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరు.

సమాధానం (ఉట్రెక్ట్ తెలుగు)

మీ వృత్తిలోనే దీనికి బాగా పేరున్న ఉదాహరణ ఉంది. నేను ఉంటున్న నెదర్లాండ్స్‌లో యోస్ ద బ్లోక్ అనే నర్సు 2006లో బ్యూర్ట్‌జోర్గ్ అనే సంస్థను స్థాపించారు. అప్పటికి ఇక్కడి ఇంటి వైద్యసేవలు పెద్ద కంపెనీల చేతుల్లోకి పోయి, ఇంజెక్షన్‌కు ఒకరు, స్నానం చేయించడానికి ఒకరు, కట్టు మార్చడానికి ఇంకొకరు చొప్పున, ఒక్కో పనికి ఇన్ని నిమిషాలని లెక్క కట్టి నడిచేవి. ఒకే వృద్ధురాలి ఇంటికి వారంలో ఎంతమంది కొత్త ముఖాలు వచ్చేవో లెక్కే ఉండేది కాదు. ఆయన నలుగురు నర్సుల బృందంతో మొదలుపెట్టి, ఒక పేటలోని రోగుల బాధ్యత మొత్తాన్నీ ఆ పేటకు చెందిన బృందానికే అప్పగించారు. 2010ల మధ్యనాటికి ఆ సంస్థ సుమారు 10,000 మందికి పెరిగినా, ప్రధాన కార్యాలయంలో పనిచేసేవారు 50 మంది ప్రాంతంలోనే ఉన్నారు. వారికీ నర్సులకూ మధ్య మేనేజర్ల అంచె లేదు.

మీకు అన్నిటికంటే పనికివచ్చేది బృందం పరిమాణం గురించిన నియమం అని నా అభిప్రాయం. ఒక బృందంలో 12 మందికి మించి ఉండరు. అంతకు మించితే రెండుగా విడిపోతారు. కొత్త రోగిని తీసుకోవడం, డ్యూటీ పట్టిక వేసుకోవడం, కొత్త సహోద్యోగిని ఎంపిక చేసుకోవడం, ఆఫీసు గది అద్దెకు తీసుకోవడం అన్నీ ఆ బృందమే చేసుకుంటుంది. పట్టిక చూసేవారు, డబ్బు లెక్కలు చూసేవారు, కొత్తవారికి పని నేర్పేవారు అంటూ బాధ్యతలు పంచుకుంటారు, వాటిని మార్చుకుంటూ ఉంటారు. గొడవ తమలో తాము తేల్చుకోలేకపోతే, బృందాలకు సలహా ఇచ్చే కోచ్ వస్తారు. ఒక్కో కోచ్ నలభై, యాభై బృందాలను చూస్తారు కాబట్టి, పెత్తనం చేయాలన్నా వారికి తీరిక ఉండదు. పైగా బృందం తరఫున నిర్ణయం తీసుకునే అధికారం వారికి లేదు.

అయితే దీన్ని చదివి ముచ్చటపడేవారు చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఇక్కడ నర్సుల జీతాల శ్రేణులు యూనియన్లూ యాజమాన్య సంఘాలూ కలిసి రంగం మొత్తానికి కుదుర్చుకునే ఒప్పందం ప్రకారం నిర్ణయమవుతాయి, సేవలకు సొమ్ము బీమా సంస్థలు చెల్లిస్తాయి. అంటే సమానుల మధ్య అన్నిటికంటే చేదుగా మారే జీతం ప్రశ్న బృందం గడప లోపలికి దాదాపు రాదు. మీకు ఆ సదుపాయం లేదు కాబట్టి, చదువు, అనుభవం, రాత్రి డ్యూటీలను బట్టి ఒక జీతాల పట్టికను అందరి సమ్మతితో తయారుచేసి, ఏడాదికి ఒక్కసారి మాత్రమే దాన్ని చర్చకు తీసుకోండి. ఆ పట్టిక లేకుండా మిగతా ఏ ప్రయోగమూ మొదలుపెట్టవద్దని నా గట్టి సలహా.

సమాధానం (పెంగ్విన్ పల్లె)

నేను చాలా ఏళ్లుగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులలో, అంటే కోడ్‌ను ఎవరైనా తీసుకొని వాడుకోగల, మార్చుకోగల ప్రాజెక్టులలో, పని చేస్తున్నాను. మీరు రాసినవాటిలో నన్ను ఆపింది "ఎక్కువసేపు పట్టుబట్టినవారి మాటే నెగ్గుతోంది" అన్న వాక్యం. పదవులు లేనంత మాత్రాన పెత్తనం పోదని, అది స్నేహాల చాటుకు, ఖాళీ సమయం ఎక్కువ ఉన్నవారి చేతికి పోతుందని, అక్కడ దానిని నిలదీసే దారి కూడా ఉండదని అమెరికా మహిళా ఉద్యమంలో పనిచేసిన జో ఫ్రీమన్ 1970ల ఆరంభంలోనే రాశారు. మీ గ్రూపులో జరుగుతున్నది అదే. దానిని సమానత్వం అనుకుంటూ ఉన్నంతకాలం, నోరు లేనివారు ఒక్కొక్కరే వెళ్లిపోతారు.

డెబియన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను 1993 నుంచి ప్రపంచమంతటా ఉన్న స్వచ్ఛంద కార్యకర్తలు తయారుచేస్తున్నారు. అక్కడ ఎవరి ప్యాకేజీ (వారు చూసుకునే ప్రోగ్రాము) మీద వారిదే నిర్ణయం, ఎవరికీ పని పురమాయించే హక్కు మరొకరికి లేదు. అలాంటి చోట 1998లో రాజ్యాంగం రాసుకున్నారు. ప్రాజెక్టు నాయకుడిని ఏటా ఓటుతో ఎన్నుకుంటారు. ఇద్దరి పనుల మధ్య తగువు వస్తే సాంకేతిక కమిటీ తేలుస్తుంది. నాయకుడి నిర్ణయాన్నైనా కమిటీ నిర్ణయాన్నైనా సభ్యులందరి ఓటుతో కొట్టివేయవచ్చు. అయినా కష్టాలు తప్పలేదు. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు అన్నిటినీ నడిపించే ప్రోగ్రాముగా సిస్టమ్‌డీని పెట్టాలా వద్దా అన్న వివాదంలో 2014లో కమిటీ సరిసమానంగా చీలిపోయి, అధ్యక్షుడి నిర్ణాయక ఓటుతో తేలింది. కొందరు బాధ్యతల నుంచి తప్పుకున్నారు, కొందరు విడిపోయి డెవువాన్ పేరుతో వేరే ప్రాజెక్టు పెట్టుకున్నారు. ఇంత జరిగినా డెబియన్ నిలబడిందంటే, ఓడినవారికి కూడా ఏ నియమం ప్రకారం ఓడారో ముందే తెలిసి ఉండడం ఒక ముఖ్య కారణమని నేను నమ్ముతున్నాను.

సాఫ్ట్‌వేర్‌లో నచ్చనివారు మొత్తం కోడ్‌ను తీసుకొని వెళ్లిపోవచ్చు, ఉన్నవారికీ ఏమీ తరగదు. మీ సంస్థ నుంచి ఎవరైనా వెళితే రోగులను వెంట తీసుకువెళతారా, పెట్టుబడిలో వాటా ఎలా లెక్క కడతారు అన్నది ఇప్పుడే, మీ మధ్య స్నేహం ఉన్నప్పుడే రాసుకోండి. మరొక హెచ్చరిక కూడా చేయాలి. కొత్త పద్ధతిని పై నుంచి ఒక్కసారిగా రుద్దితే అది కూడా పెత్తనమే అవుతుంది. చెప్పుల వ్యాపారంతో పేరు తెచ్చుకున్న జాపోస్ కంపెనీ హోలాక్రసీ అనే మేనేజర్లు లేని విధానంలోకి మారుతూ, 2015లో ఇష్టం లేనివారు పరిహారం తీసుకొని వెళ్లవచ్చని ప్రకటిస్తే, కొద్ది వారాల్లోనే దాదాపు 14 శాతం మంది ఆ అవకాశం తీసుకున్నారు.

సమాధానం (చెరువుకట్ట)

పై ఇద్దరూ చెప్పినవి చదివాను. రాజ్యాంగాలు, ఓట్ల విషయంలో నాకు కొంత భేదాభిప్రాయం ఉంది. ఇరవై మందికి ఓటు పెడితే పన్నెండు మంది గెలుస్తారు, ఎనిమిది మంది మర్నాటి నుంచి ముభావంగా ఉంటారు. మా తెలంగాణ చెరువుల కింద పనిచేసిన పద్ధతి మీకు దగ్గరగా ఉంటుందేమో చూడండి. చెరువు కింద ఆయకట్టు రైతులందరూ నీటికి హక్కుదారులే, కానీ ఏ రైతూ తనకు తానుగా తూము తీయడు. ఆ పని నీరటిది. ఏ మడికి ఎంతసేపు నీరు పారాలో చూసేది ఆయనే, పెద్ద రైతు అయినా తూము దగ్గర ఆయన మాట వినవలసిందే. అలాగని ఆయన రైతులకు పై అధికారి కాడు. పంట వచ్చాక వారు కొలిచే ధాన్యమే ఆయనకు కూలి. చిన్న పరిధిలో పూర్తి అధికారం, ఆ అధికారం ఇచ్చినవారికే జవాబుదారీతనం, ఈ రెండూ ఒకే మనిషిలో కలిశాయి. ఈ ఏర్పాటులో కులం బరువు ఉండేదన్నది నిజమే, దాన్ని నేను మరచిపోవడం లేదు. మీరు తీసుకోవలసింది బాధ్యతను గిరి గీసి అప్పగించే తీరును.

2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ ఇటువంటి ఉమ్మడి వనరుల ఏర్పాట్లనే అనేక దేశాలలో పరిశీలించారు. ఎక్కువకాలం నిలిచినవాటిలో ఆమెకు కనిపించిన లక్షణాలలో మూడు మీకు పనికివస్తాయి. కాపలా చూసేవారు వాడుకునేవారికే జవాబు చెప్పాలి. తప్పు చేసినవారికి మొదట చిన్న దండన, మళ్లీ చేస్తే పెద్దది పడాలి. తగువు తీర్చుకునే చోటు దగ్గరలో, ఖర్చు లేకుండా ఉండాలి. స్పెయిన్‌లోని వాలెన్సియాలో నీటి తగవులను రైతులు ఎన్నుకున్న ప్రతినిధులే ప్రతి గురువారం ప్రధాన చర్చి ద్వారం దగ్గర కూర్చొని నోటి మాటగా విచారించి తీర్పు చెబుతారు.

చట్టంతోనే ఇదంతా వచ్చేస్తుందనుకోవడం కూడా పొరపాటే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997 చట్టంతో పది వేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలను ఒకేసారి ఏర్పాటు చేశారు. కానీ పెద్ద కాలువల గేట్లు, మరమ్మతు నిధులు చాలావరకు నీటిపారుదల శాఖ చేతిలోనే ఉండిపోవడంతో అనేక చోట్ల సంఘం పేరుకే మిగిలింది. మీరు బృందాలకు బాధ్యత ఇస్తే బ్యాంకు ఖాతాలో కొంత భాగం మీద సంతకం కూడా ఇవ్వండి.

ప్రశ్న అడిగినవారి జవాబు (మలక్‌పేట ఫిజియో)

ముగ్గురికీ కృతజ్ఞతలు. మీరు రాసినవాటిని మావాళ్లందరికీ చదివి వినిపించాను. దిల్‌సుఖ్‌నగర్ వైపు ఒక బృందం, మెహదీపట్నం వైపు మరొక బృందంగా విడిపోవడానికి అభ్యంతరం రాలేదు. డ్యూటీ పట్టిక వేసే బాధ్యతను ఒకరికి మూడు నెలలపాటు ఇచ్చి, ఆ కాలంలో దాని మీద గ్రూపులో వాదన చేయకూడదని, ఫిర్యాదులన్నీ నెలాఖరు సమావేశంలోనే చెప్పాలని అనుకున్నాము. జీతాల పట్టిక ముసాయిదాను ఇద్దరు తయారుచేస్తున్నారు. తేలనిది ఒకటే. రాత్రి వేళ రోగి పరిస్థితి విషమిస్తే, ఆసుపత్రికి తరలించాలా వద్దా, అంబులెన్స్ ఖర్చు సంస్థ పెట్టుకోవాలా అన్నది ఎవరు నిర్ణయించాలి? బృందాన్ని అడిగేంత సమయం అప్పుడు ఉండదు.

సమాధానం (ఉట్రెక్ట్ తెలుగు)

ఆ సమయంలో ఆ ఇంట్లో ఉన్న నర్సుదే నిర్ణయం కావాలి, డాక్టరుతో ఫోనులో మాట్లాడే బాధ్యతతో సహా. ఎవరినీ అడగకుండా ఎంత సొమ్ము వరకు ఖర్చు పెట్టవచ్చో ఒక అంకె రాసి పెట్టండి. మర్నాడు బృందం ఆ కేసును చర్చించవచ్చు; కానీ మంచి ఉద్దేశంతో, రాసుకున్న పరిధిలో చేసిన ఖర్చును ఆ నర్సు జీతం నుంచి కోయకూడదని నియమంలోనే చేర్చండి. ఒక్కసారి కోశారంటే, ఆ తరువాత ఏ రాత్రీ ఎవరూ సొంతంగా అంబులెన్స్ పిలవరు.