న్యూక్లియర్ ఫిజిక్స్ చదివితే రియాక్టర్లేనా, బయట పరిశ్రమల్లో పనుందా?

బీటాకణం: ఎమ్మెస్సీలో ఇదే స్పెషలైజేషన్ తీసుకుందామనుకుంటున్నా. రియాక్టర్లు కాక ఇంకెక్కడ వాడతారు? ఫ్యూజన్ (తేలిక పరమాణు కేంద్రకాల్ని కలిపి శక్తి రాబట్టడం) రీసెర్చ్‌కి వెళ్ళొచ్చా? డిటెక్టర్ల పనికి ఏ ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలి?

రాత్రిషిఫ్ట్: రియాక్టర్ మొహం చూడకుండానే ఈ సబ్జెక్టు మీద బతుకుతున్నా. వెల్డింగ్ జాయింట్లలో లోపాలు పట్టడానికి గామా కిరణాలతో ఫొటో తీసే రేడియోగ్రఫీ నా పని. అందుకు వాడే సోర్సు ఇరిడియం-192 హాఫ్‌లైఫ్ (రేడియేషన్ సగానికి పడిపోయే కాలం) 74 రోజులు. అంటే రెండున్నర నెలలకి ఎక్స్‌పోజర్ టైం రెట్టింపు. ఇది తెలియని సూపర్‌వైజర్ "పోయిన నెల బాగానే తీశారుగా, ఇప్పుడేం రోగం" అంటాడు. ఒక కంపెనీలో రేడియేషన్ కొలిచే సర్వే మీటర్ బ్యాటరీ అయిపోయిందంటే, "కేబుల్ లాగే హ్యాండిల్ మొత్తం తిప్పేశాంగా, సోర్సు లోపలికొచ్చే ఉంటుంది, పద" అన్నారు. కేబుల్ వెనక్కొచ్చినా, సోర్సు ఊడి ట్యూబులోనే ఉండిపోతే చేతికేం తెలుస్తుంది? మీటరే చెప్పాలి. మర్నాడే మానేశా.

న్యూట్రాన్‌నాని: ఫ్యూజన్‌కే వెళ్ళు. 2022 డిసెంబర్‌లో అమెరికా నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీలో 2.05 మెగాజౌళ్ళ లేజర్ కొడితే ఫ్యూజన్ నుంచి 3.15 వచ్చింది!

పాతకాపు: ఆ లేజర్ కొట్టడానికి కరెంటు లైను నుంచి లాగింది సుమారు 300 మెగాజౌళ్ళు. లెక్క అక్కణ్ణుంచి మొదలుపెట్టు నాయనా.

తెల్లకోటు: సిరంజిలు గామా కిరణాలిచ్చే కోబాల్ట్-60తో స్టెరిలైజ్ చేసే చోట క్వాలిటీ చూస్తాను. మామూలుగా 25 కిలోగ్రేల డోసు. ప్యాకెట్ విప్పకుండానే లోపలి సూక్ష్మజీవులు చస్తాయి. జనం మాత్రం సిరంజిలోనే రేడియేషన్ ఉందని భయపడతారు.

అనుమానపక్షి: లేదని గ్యారంటీ ఏంటి?

తెల్లకోటు: గామా తగిలిన వస్తువు రేడియోధార్మికం కావాలంటే మామూలుగా దాని పరమాణువుల్లోంచి న్యూట్రాన్ ఊడాలి. కోబాల్ట్ గామా శక్తి 1.17, 1.33 ఎంఈవీ (కిరణం శక్తికి కొలత). బరువు హైడ్రోజన్ అయిన డ్యుటీరియం నుంచి న్యూట్రాన్ ఊడాలంటే 2.2 కావాలి, బెరీలియానికైనా 1.67. ఎక్కడా చాలదు.

అనుమానపక్షి: మరి 1987లో బ్రెజిల్ గోయానియాలో జనం ఎలా చచ్చారు?

రాత్రిషిఫ్ట్: వదిలేసిపోయిన క్యాన్సర్ చికిత్స మెషీన్‌లోని సీజియం సోర్సు పగలగొట్టారు, మెరిసే పొడి ఒంటికి రాసుకున్నారు. గామా తగలడం వేరు, పొడి అంటుకోవడం వేరు. ఎన్నిసార్లు చెప్పాలి?

న్యూట్రాన్‌నాని: ఈ గోలెందుకు! రియాక్టర్లకి థోరియం ఉండగా చింతేల?

పాతకాపు: నువ్వు పుట్టకముందు నుంచీ ఫ్యూయల్ కెమిస్ట్రీ చేస్తున్నా, విను. థోరియం తనంతట తాను మండదు. న్యూట్రాన్ మింగి, ప్రొటాక్టినియం-233గా మారి, 27 రోజుల హాఫ్‌లైఫ్‌తో మెల్లిగా అసలు ఇంధనమైన యురేనియం-233 అవుతుంది. వెంట యురేనియం-232 కూడా తగలడుతుంది. అది క్షీణిస్తూ పుట్టించే వారసుడు థాలియం-208 గామా 2.6 ఎంఈవీ. చేత్తో ముట్టే పని కాదు, మందపాటి గోడల వెనక నుంచి చేయాలి.

అనుమానపక్షి: 2.6 అంటే 2.2 దాటిందిగా! దొరికిపోయారు!

పాతకాపు: దాటింది కాబట్టే 1934లో భౌతిక శాస్త్రవేత్తలు చాడ్విక్, గోల్డ్‌హేబర్ ఆ గామాతోనే డ్యుటీరియాన్ని పగలగొట్టారు. కొత్తేముంది?

తెల్లకోటు: మా దగ్గరున్నది కోబాల్ట్ మహాప్రభో, థోరియం కాదు!!

బీటాకణం: నా ప్రోగ్రామింగ్ సంగతి...

న్యూట్రాన్‌నాని: పైథాన్, సి ప్లస్ ప్లస్. పాతకాపు గారూ, ఇంధనాన్ని కరిగిన ఉప్పులో కలిపి నడిపే మోల్టెన్ సాల్ట్ రియాక్టర్ల సంగతి తేల్చకుండా పారిపోకండి.

కాగితంపులి: మధ్యలో దూరుతున్నా. మా మిల్లులో కాగితం మందం చూసే, రేడియోధార్మిక క్రిప్టాన్-85 సోర్సున్న గేజ్ రీడింగ్ ఊగిసలాడుతోంది. అమ్మినవాళ్ళు ఫోనెత్తట్లేదు.

రాత్రిషిఫ్ట్: సోర్సు ఎప్పటిది? దాని హాఫ్‌లైఫ్ 10.7 ఏళ్ళు, ముసలిదైతే సిగ్నల్ తగ్గి రీడింగ్ ఊగుతుంది. ముందు సర్టిఫికెట్ మీద తేదీ చూసి చెప్పు. సోర్సున్న హెడ్ మాత్రం నువ్వు విప్పకు, లైసెన్సున్నవాణ్ణి పిలిపించు.