గవ్వ నెత్తిన రంధ్రం: పిల్లలకు తప్పు చెప్పానా?

కడప సైన్సు టీచరు:
దసరా సెలవుల్లో విశాఖ తీరాన రాళ్ల సందులో ఒక చిప్ప దొరికింది. బొటనవేలి గోరంత ఉంటుంది. బోర్లించిన ప్రమిదలా ఉండి, నెత్తి నుంచి అంచు దాకా గొడుగు ఊచల్లా గీతలున్నాయి. సరిగ్గా నెత్తిన బియ్యపుగింజ ఆకారంలో రంధ్రం! "దండ గుచ్చడానికి ఎవరో చేశారు సార్" అన్నాడు ఎనిమిదో తరగతి కుర్రాడు. వేటాడే నత్త తొలిచిందని గొప్పగా చెప్పేశాను. ఇంటికొచ్చి తిప్పి చూస్తే రంధ్రం చుట్టూ లోపల తెల్లని నున్నని గట్టు కనబడింది. అప్పటి నుంచి అనుమానం.

సముద్రపు చిప్పలు:
మీ అనుమానమే నిజం సార్. అది కీహోల్ లింపెట్, అంటే నెత్తిన రంధ్రం ఉండే ఒక రకం సముద్రపు నత్త. ఆ రంధ్రం దాని సొంతం. నీరు ముందువైపు చిప్ప అంచు కింద నుంచి లోపలికి వచ్చి, మొప్పల మీదుగా పారి, మలినాలతో కలిసి పైరంధ్రం గుండా పోతుంది. మీరనుకున్న వేటాడే నత్త, అంటే చంద్రనత్త లాంటిది, తొలిస్తే రంధ్రం గుండ్రంగా, బయట వెడల్పుగా, లోపలికి సన్నగా ఉంటుంది; చుట్టూ గట్టు కట్టదు. ఆ గట్టు వెనకవైపు కోసినట్టు తిన్నగా ఉందా? ఉంటే డయోడోరా ప్రజాతి కావచ్చు. లోపలివైపు ఫోటో పెట్టండి, పక్కన స్కేలు ఉంచి.

వేంపల్లె వాసి:
మా ఊరి రాళ్లలో కూడా ఇవి దొరుకుతాయా? వారాంతాల్లో వెతికి వెతికి మోకాళ్లు అరిగాయి.

సముద్రపు చిప్పలు:
దొరకవండీ. వేంపల్లె రాళ్ల వయసు దాదాపు 190 కోట్ల సంవత్సరాలు. అప్పటికి చిప్పలు కట్టే జీవులే లేవు. మీరు వెతకాల్సినవి స్ట్రొమటోలైట్లు, అంటే సూక్ష్మజీవులు పొరలుగా పేరుకుని రాయిగా మారినవి; పొరలుపొరలుగా ఉల్లిగడ్డను కోసినట్టు కనిపిస్తాయి. లింపెట్‌కు రాయి కావాలి, ఉప్పునీరు కావాలి. ఆటు సమయంలో బయటపడే రాళ్ల అడుగున, గుంటల్లో పాదంతో గట్టిగా అతుక్కుని ఉంటుంది. డయోడోరాల్లో చాలావాటికి స్పంజికలే ఆహారం.

కడప సైన్సు టీచరు:
గట్టు వెనకవైపు తిన్నగానే ఉంది. ఫోటో రేపు పగటి వెలుగులో తీస్తాను. అన్నట్టు, అదే సంచిలో గుండ్రటి చిల్లు పడిన ఆల్చిప్ప ఒకటి ఉంది. ఇన్నాళ్లూ విరిగిందనుకుని పక్కన పడేశాను. రెండూ బల్ల మీద పెట్టి, ఏది ఎవరు చేసిన రంధ్రమో ముందు ఆ కుర్రాడినే చెప్పమంటాను. నా తప్పు ఆ తర్వాత ఒప్పుకుంటాను.